పాట వచ్చు, డాన్స్ రాదు: మ్యూజికల్ ఆడిషన్‌కి ఏ క్లాసులో చేరాలి?

కొత్తగొంతు:
మా కమ్యూనిటీ థియేటర్ వాళ్లు మ్యూజికల్ (పాటలు, డాన్సులతో కథ చెప్పే నాటకం) వేస్తున్నారు, ఆడిషన్‌కి ఇంకా రెండు నెలలుంది. పాటకి భయం లేదు, డైలాగులు కూడా ఎలాగో నెట్టుకొస్తాను గానీ డాన్స్ దగ్గరే టెన్షన్, ఎందుకంటే ఎప్పుడూ ఎక్కడా నేర్చుకోలేదు. దగ్గర్లోని స్టూడియోలో బాలే, జాజ్, ట్యాప్ (షూస్‌తో నేల మీద తాళం కొట్టే డాన్స్) మూడూ మొదటి నుంచి నేర్పిస్తారట. వారానికి ఒకటి, మహా అయితే రెండు క్లాసులకు వెళ్లగలను. అన్నిటికీ బాలేనే పునాది అని ఒకరంటారు, దానికి ఏళ్లు పడుతుంది, వదిలెయ్ అని ఇంకొకరు. ఏది పట్టుకోమంటారు?

వెనకవరుస:
జాజ్. ఇందులో ఆలోచించేదేం లేదు. ఆడిషన్‌లో కొరియోగ్రాఫర్ ఎయిట్ కౌంట్లు (ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడుతూ చేసే స్టెప్పులు) ఓ నాలుగు కలిపి ఒక ముక్క చకచకా నేర్పించేస్తారు, అందరితో కొన్నిసార్లు చేయించి, ఆ తర్వాత కొద్దిమందిని చొప్పున ముందుకు పిలిచి చూస్తారు. వాటిలో ఎక్కువగా తగిలేవి జాజ్ స్క్వేర్, గ్రేప్‌వైన్, కిక్ బాల్ చేంజ్, పివట్ టర్న్ లాంటి జాజ్ స్టెప్పులే. ఇవి కాళ్లకి అలవాటైతే అక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది సగానికి తగ్గిపోతుంది.

ఇంకోటి, డబ్బు కట్టేముందు కచ్చితంగా అడగండి: ప్రతి వారం కొత్త కాంబినేషన్ (స్టెప్పులు కలిపి కూర్చిన చిన్న డాన్స్ ముక్క) నేర్పిస్తారా, లేక ఏదో ప్రదర్శన కోసం ఒకే డాన్స్‌ని నెలల తరబడి రుద్దిస్తారా అని. రెండో రకం క్లాసులో ఆ డాన్స్ బ్రహ్మాండంగా వస్తుంది, కానీ చూసీ చూడగానే పట్టుకోవడం అలవడదు, ఆడిషన్‌లో కావాల్సింది అదే. ‘థియేటర్ డాన్స్’ అని విడిగా క్లాసుంటే కళ్లు మూసుకుని చేరిపోండి.

మునివేళ్లు:
జాజ్‌కే నా ఓటు కూడా, కానీ బాలేని మరీ అలా తీసిపారేయకండి. జాజ్‌లో చేయించే షాసే, పా ద బురే అనే స్టెప్పులు బాలే నుంచి వచ్చినవే కదా. నిలబడే తీరు, చేతుల్ని ఎక్కడ ఉంచాలో తెలియకపోవడం (కొత్తవాళ్లని పట్టిచ్చేది ఎప్పుడూ చేతులే), తిరిగేటప్పుడు చూపుని ఒకచోట నిలపడం, ఇవన్నీ బాలే క్లాసులో ఓపిగ్గా సరిచేస్తారు. రెండు నెలల్లో అద్భుతాలు జరగవు, నిజమే. వారానికి రెండో క్లాసు వీలైతేనే బాలేకి వెళ్లండి.

ట్యాప్ సంగతి షోని బట్టి. ‘ఫార్టీ సెకండ్ స్ట్రీట్’ లాంటి ట్యాప్ నిండిన మ్యూజికల్ అయితే ట్యాప్ రాకుండా బృందంలో చోటు దొరకడం కష్టం. లేదంటే ఇప్పుడు జోలికి పోవద్దు. ఇంతకీ ఏ షో?

కొత్తగొంతు:
షో పేరు ఇంకా చెప్పలేదండీ. నోటీసులో ‘మూవ్‌మెంట్ కాల్’ అని మాత్రం ఉంది, డాన్స్ అని ఎక్కడా లేదు. రెండూ ఒకటేనా?

తెరచాటు:
మామూలుగా అయితే కాదు, మీకు మంచి వార్తే. మూవ్‌మెంట్ కాల్ అంటే లయ ఉందా, చెప్పింది పట్టుకుంటున్నారా, పాత్రలా కదలగలరా అని చూడటం, గిరగిరా తిరగడాలు, ఎగరడాలు పెద్దగా ఉండవు. అయినా నిర్వాహకులకి ఒక మెసేజ్ పెట్టి అడగండి, అడిగినందుకు ఎవరూ మార్కులు తగ్గించరు. జాజ్ ఒక్కటి చాలు, రెండో క్లాసుకి బదులు ఇంట్లో ఆ వారం కాంబినేషన్‌ని పాడుతూ చేసి చూడండి, ఎందుకంటే తర్వాత స్టేజీ మీద మీకు పడే అసలు పని అదే, ఊపిరి ఎక్కడ తప్పుతుందో ఇప్పుడే తెలుస్తుంది.

ఆడిషన్‌లో ఎంపిక చేసేవాళ్ల బల్ల దగ్గర చాలాసార్లు కూర్చున్నాను. స్టెప్పు తప్పితే ఎవరూ పట్టించుకోరు, తప్పగానే ఆగిపోయి మొహం ముడుచుకుంటే మాత్రం గది మొత్తానికి కనిపిస్తుంది. నేర్పించేటప్పుడు వెనక నక్కకండి, కొరియోగ్రాఫర్ కాళ్లు కనిపించే చోట నిలబడి ముందు పాదాలు పట్టుకోండి, చేతులు తర్వాత చూసుకోవచ్చు. క్లాసులో అప్పుడప్పుడూ అద్దం చూడకుండా చేయండి, ఆడిషన్ గదిలో అద్దం ఉంటుందన్న గ్యారంటీ లేదు. షూస్ కొంటే ఇప్పుడే కొని క్లాసుల్లో అరగదీయండి, ఆ రోజు కొత్త జత వేసుకెళ్లొద్దు, సాక్సుతో అసలే వద్దు, జారుతుంది.