గుట్ట నీడ దొరకాలంటే పెద్ద చెరువా, దమ్ము చేసిన మడా?

మత్తడి:
కొంచెం లొల్లి పెట్టే మాటనే అంటున్న. నీళ్లల్ల అద్దంల లెక్క పడే గుట్ట నీడను ఫోటో తీయాలంటే మన వరంగల్ దిక్కు అందరూ రామప్ప, లక్నవరం, పాకాలకే ఉరుకుతున్నరు. చూడ్డానికి అవి మస్తుంటయి, నీడకు మాత్రం పనికిరావు. నీళ్లు ఎంత వెడల్పుంటే గాలికి అంత జాగ దొరుకుతది, అలలు లేస్తయి. లక్నవరంల పడవలు మొదలైనంక ఇగ చెప్పేదేముంది. యాసంగి నాట్లకు దమ్ము చేసిన మడి చూడుండ్రి: బెత్తెడు నీళ్లు, చుట్టూ గెట్లు. డిసెంబర్, జనవరిల పొద్దు పొడవక ముందు గాలి ఉండనే ఉండది. హనుమకొండ, ధర్మసాగర్ దిక్కు గ్రానైట్ గుట్టలు పొలాల నడుమనే లేచి ఉంటయి. అసలు జాగలు గవి.

పాకాల పిట్ట:
అన్నా, మాది నర్సంపేట, ఊకోలేను. పాకాల ఇయ్యాలటిది కాదు. గణపతిదేవుని కాలంల గుట్టల నడుమ కట్ట పోసి ఆపిన నీళ్లు. అంటే గుట్ట కాళ్లు నీళ్లల్లనే ఉన్నట్టు. నీ మడికీ గుట్టకూ నడుమ తాటిచెట్లు, కరెంటు స్తంభాలు, ఒక కోళ్లఫారం. గుట్ట నీడ అని పోతే కోళ్లఫారం నీడ వస్తది. గాలంటవా, పెద్ద చెరువంటే అంతా ఒక్కటే నీళ్లు కాదు. గుట్ట అడ్డమున్న మూలకు గాలి తాకదు. కట్ట మీద నిలబడి సెల్ఫీ దిగి వచ్చేటోళ్లకు ఆ మూల ఎట్ల తెలుస్తది?

లెక్కల సారు:
ఇద్దరూ గాలి దగ్గరే ఆగిపోయారు. అసలు సంగతి కెమెరా ఎత్తు. నీటికి 60 మీటర్ల ఎత్తున్న గుట్ట 1,200 మీటర్ల దూరంలో ఉందనుకోండి. నిలబడి, నీటికి మీటరున్నర పైనుంచి తీస్తే శిఖరం నీడ మీకు దాదాపు 30 మీటర్ల అవతల నీళ్లలో పడుతుంది. మడి 20 మీటర్లే ఉంటే శిఖరమే కాదు, గుట్టే కనిపించదు, వట్టి ఆకాశమే. అదే కెమెరాను 30 సెంటీమీటర్లకు దించితే శిఖరం నీడ 6 మీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. మడి అవతలి గెట్టు దాకా చూస్తే గుట్టలో పై 40 మీటర్ల పైచిలుకు దొరుకుతుంది, కింది 18 మీటర్లు పోతాయి. ఒక్కోసారి ఆ పోయే భాగంలోనే పాకాల పిట్ట గారి కోళ్లఫారం కూడా ఉంటుంది!

8 మీటర్ల ఎత్తు కట్ట మీద నుంచి తీస్తే ఇదే గుట్ట శిఖరం 140 మీటర్ల అవతల పడుతుంది. అక్కడ నీళ్లు కదలకుండా ఉండటం అరుదు. కాబట్టి చెరువును తప్పు పట్టే ముందు కట్ట దిగండి. ఇంకో మాట, నీటిని ఎంత వాలుగా చూస్తే అంత ఎక్కువ వెలుతురు తిరిగి వస్తుంది. అందుకే బురద నీళ్లయినా నీటి మట్టం దగ్గరికి వంగి వాలుగా చూస్తే అద్దంలా పనిచేస్తాయి.

ఫోన్ ఫోటోగ్రాఫర్:
సార్, మాకు ట్రైపాడ్ లేదు. 30 సెంటీమీటర్లంటే బురదల పండుకోవాల్నా?

లెక్కల సారు:
ఫోన్‌ను తలకిందులు చేయండి. లెన్స్ కిందికి వస్తుంది, నీటికి బెత్తెడు పైన పట్టుకోవచ్చు. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి. నీటి మెరుపును తగ్గించడమే దాని పని, మనకు కావాల్సిందే ఆ మెరుపు.

మత్తడి:
సారు లెక్క నా దిక్కే ఉన్నది. పాకాల తమ్మీ, ఇంకొకటి చెప్పు. పొద్దుటి ఎండ గుట్ట మీద పడాలంటే మనం గుట్టకు తూర్పున ఉండాలె. మడి అయితే గుట్ట చుట్టూ తిరిగి ఎంచుకుంటం. చెరువుల ఒడ్డు ఏ దిక్కుంటే ఆ దిక్కే గతి.

పాకాల పిట్ట:
తూర్పు లేకుంటే సాయంత్రం పోతం, అదొక కష్టమా? మడి నీళ్లు నాటు పడేదాక కొద్ది రోజులే అద్దం, పైరు ఎదిగితే అంతా పచ్చనే. ఎండాకాలం కుంటలు గూడ ఎండుతయి, అప్పుడు ఏం తీస్తవు? పాకాల రాళ్లు చూసినవా, గ్రానైట్ బండలు కావు, పొరలు పొరలుగ సాగిన గుట్టలు. అంత పొడుగు వరుస ఇరవై మీటర్ల మడిల ఎట్ల పడుతది? ఎవరికి ఏ గుట్ట కావాల్నో అది ముందు అడగాలె.

గెట్టు కాడ:
మాది పొలం ఉన్నోళ్ల ఇల్లు. ఫోటో కింద మడి లొకేషన్ పెట్టకుండ్రి. ఒక్కడు వస్తే చాయ పోస్తం, ఇరవై మంది వస్తే గెట్టు తెగుతది, నీళ్లు పక్క మడికి పోతయి. అడిగి దిగుండ్రి. గెట్టు మీద బండి నడపకుండ్రి.

మత్తడి:
దీనికి వాదన లేదు. ఊరి పేరు గూడ పెట్టం. శాటిలైట్ మ్యాప్‌ల గుట్ట చూసుకొని, తూర్పు దిక్కు మడులెన్నున్నయో, నడుమ చెట్లు ఎంత మందమో చూసుకుంటే ఎవని జాగ వానికే దొరుకుతది.

ఫోన్ ఫోటోగ్రాఫర్:
ఆఖరి ప్రశ్న. ఫోకస్ నీళ్ల మీద పెట్టాల్నా, గుట్ట మీదనా?

లెక్కల సారు:
గుట్ట మీద. నీడ కూడా గుట్టంత దూరంలోనే ఉన్నట్టు లెక్క. నీటి మీద తేలే ఆకు మీద పెడితే నీడ మసకబారుతుంది.