‘ఫ్రాయ్‌డ’ చోట ‘ఫ్రైహైట్’: పాఠాంతరమా, ప్రక్షిప్తమా?

— 1989 డిసెంబరు 25, తూర్పు బెర్లిన్, బెర్న్‌స్టయిన్ నడిపించిన బీథోవెన్ తొమ్మిదో సింఫనీ. కవి షిల్లర్ పాట వచ్చే నాలుగో భాగంలో ‘ఫ్రాయ్‌డ’ (ఆనందం) బదులు ‘ఫ్రైహైట్’ (స్వేచ్ఛ) అని పాడతారు. షిల్లర్‌కి అలాంటి పాఠాంతరం ఉందని చదివిన గుర్తు. ఆ మాట ఉన్నది 1785 పాఠంలోనా, తర్వాత సవరించినదాంట్లోనా?

— రెండింట్లోనూ ‘ఫ్రాయ్‌డ’నేనండీ. స్వేచ్ఛ అని రాసి తర్వాత మార్చాడన్నది 19వ శతాబ్దపు కథ. షిల్లర్ చేతిరాత ఆధారమేదీ లేదు. బెర్లిన్ గోడ తెరుచుకున్న ఆరున్నర వారాలకు బెర్న్‌స్టయిన్ వేసిన మాట అది. పాఠాంతరం కాదు, ప్రక్షిప్తం: తర్వాత ఇంకొకరు చొప్పించినది.

— అయినా అతికింది. రెండూ స్త్రీలింగాలే కనుక ‘ఎలీసియం (గ్రీకుల స్వర్గం) కూతురా’ అన్న పిలుపు చెక్కుచెదరలేదు.

— అతకలేదు. ‘ఫ్రాయ్‌డ’ గురువు, లఘువు: హగణం. ‘ఫ్రైహైట్’ రెండూ గురువులే.

— ఆ లెక్కన పాదంలో దాని పక్కనున్న ‘షోనర్’ (అందమైన)లో ‘నర్’ కూడా గురువే కదా మాస్టారూ. జర్మన్ పద్యం నడిచేది ఊనిక (అక్షరాన్ని నొక్కి పలకడం) మీద. పైగా ప్రధాన బాణీలో బీథోవెన్ ఆ రెండక్షరాలకూ సమానంగా చెరో క్వార్టర్ నోటు ఇచ్చాడు. అసలు చిక్కు పొల్లు ‘ట్’తో. ‘ఫ్రాయ్‌డ షోనర్’ అన్నప్పుడు అచ్చు మీంచి ‘ష’లోకి జారిపోవచ్చు. ‘ఫ్రైహైట్ షోనర్’లో ట, ష కలిసి ‘చోనర్’ అయి కూర్చుంటుంది. ‘హై’లోని అకారాన్ని నోటు పొడవునా పట్టి, ఇకారాన్నీ ‘ట్’నీ చివరి క్షణంలో కోరస్ అంతా ఒక్కసారిగా విడవాలి. లేకపోతే టకటకలే. జోడు ఫ్యూగులో (రెండు బాణీలు ఒకదాన్నొకటి తరుముతూ సాగే ఘట్టంలో) మరీ కష్టం: సొప్రానోలు (హెచ్చు గొంతు స్త్రీలు) ఈ పాదం పాడుతుండగానే ఆల్టోలు (తగ్గు గొంతు స్త్రీలు) వేరే పాదం ‘జైడ్ ఉమ్‌ష్లుంగెన్’ అంటుంటారు.

— చివరి దశ బెర్న్‌స్టయిన్ నిదానం అక్కడ కలిసొచ్చిందేమో. మూడో భాగమే దాదాపు 20 నిమిషాలు!

— షిల్లర్ తీసేసిన పాదాలు చూడండి. ‘మనుషులందరూ సోదరులవుతారు’ అన్నచోట 1785లో ‘బిచ్చగాళ్ళు రాజులకు సోదరులవుతారు’ అని ఉంది. ఎంత పదును! చివరి చరణంలో ‘నిరంకుశుల సంకెళ్ళ నుంచి విముక్తి’ కూడా ఉండేది. స్వేచ్ఛ కావలసినవాళ్ళు ఆ చరణం చదువుకుంటే చాలు, మొదటి మాట జోలికి పోనక్కర్లేదు.

— తెలుగులో ఈ పేచీయే రాదు. ‘హాయి’, ‘స్వేచ్ఛ’ రెండూ హగణాలే. ఏది వేసినా పాదం కదలదు.

— గణం కదలదు, యతి కదులుతుంది. ‘హా’కి అ, ఆ, ఐ, ఔలతో, యకారంతో మైత్రి. ‘స్వే’కి సకారమో వకారమో కుదరాలి, అదీ ఇ, ఎ స్వరాలతో. పాదాది మార్చాక యతిస్థానంలో ఏం వేస్తారు?