చర్చ: న్యూడ్ ఎలుకల్లో జియార్డియా (చిన్నపేగులో బతికే ఏకకణ పరాన్నజీవి) పోదు. లోటు ఐజీఏదా (పేగులోకి స్రవించే యాంటీబాడీ), టీ కణాలదా (థైమస్‌లో ఎదిగే రోగనిరోధక కణాలు)?

కృష్ణాతీరం: బాల్బ్-సి (మామూలు ల్యాబ్ రకం) ఎలుకకి జియార్డియా మ్యూరిస్ అనే జాతి సిస్టులు (పెంటికల్లో బయటికొచ్చే గట్టి పొర దశ) పట్టిస్తే కొన్ని వారాల్లో అదే వదిలించుకుంటుంది. థైమస్ లేని న్యూడ్ ఎలుక నెలల తరబడి సిస్టులు వదులుతూనే ఉంటుంది. టీ కణాల సాయం లేక పేగులో ఐజీఏ సరిగా రాదు. అసలు లోటు అక్కడే.

బోనులో_ఎలుక: థైమస్ లేకపోతే రెండూ దెబ్బతింటాయి కదండీ, నేరం ఐజీఏ మీదే ఎందుకు మోపుతారు? 2000లో సింగర్, నాష్ చూపించారుగా: బీ కణాలు (యాంటీబాడీ తయారుచేసేవి) లేని ఎలుకలు కూడా జియార్డియాని తగ్గించేశాయి, టీ కణాలు లేనివి తగ్గించలేకపోయాయి.

కృష్ణాతీరం: బీ కణాలు లేవన్నంత మాత్రాన యాంటీబాడీ లేనట్టా? మ్యూ-ఎంటీ ఎలుకల్లోనూ (జన్యువు చెడగొట్టి బీ కణాలు లేకుండా చేసినవి) ఐజీఏ పుడుతుందని 2001లో మాక్‌ఫర్సన్ బృందం చూపింది. పెంటికల్లో కొలిచి మాట్లాడాలి. 100 మి.గ్రా. పెంటికలకి 1 మి.లీ. పీబీఎస్ (ఉప్పు బఫర్), అందులో పేగు ఎంజైముల్ని ఆపడానికి ఈడీటీఏ, సోయా ట్రిప్సిన్ ఇన్హిబిటర్. ఎంజైముల్ని ఆపే మరో మందు పీఎంఎస్‌ఎఫ్ మాత్రం వాడే ముందే కలపాలి, నీళ్లలో నిలవదు. పొద్దున కలిపిన బఫర్ సాయంత్రం వాడితే పేగు ఎంజైములు యాంటీబాడీని తినేస్తాయి, ఎలిసా (యాంటీబాడీ కొలిచే పరీక్ష) ప్లేటు ఖాళీ. దాన్నే "ఐజీఏ లేదు" అని రాసేస్తారు.

రాగ్_రంగయ్య: ఖాళీ కంట్రోల్‌కి (యాంటీబాడీ లేదని పోల్చి చూసుకోడానికి) సిడ్ ఎలుక వద్దు, పుట్టుకతో బీ, టీ కణాలు లేనిదే అయినా, వయసు పైబడితే దాంట్లోనూ యాంటీబాడీ కాస్త తేలుతుంది. రాగ్ జన్యువు తీసేసిన ఎలుక వాడండి.

బోనులో_ఎలుక: మళ్ళీ పీఎంఎస్‌ఎఫ్! ఏ మాట ఎత్తినా అక్కడికే లాక్కెళతారు. ఎక్స్‌ఐడీ అనే జన్యులోపం సంగతి చెప్పండి ముందు. అది ఉన్న సీబీఏ-ఎన్ ఎలుకలకి బీటీకే (బీ కణాలు ఎదగడానికి కావాల్సిన ఎంజైము) లోపం. మ్యూరిస్ మీద ఐజీఏ వస్తుంది, అయినా ఇన్ఫెక్షన్ పోదు. 1988లో స్నైడర్, అండర్‌డౌన్ వాళ్ళు చూపిందే.

కృష్ణాతీరం: అదే బృందం 1985లో యాంటీ-ఐజీఎం (బీ కణాల మీది ఐజీఎంని పట్టే యాంటీబాడీ) ఇచ్చి బీ కణాలు లేకుండా చేసిన ఎలుకల్లోనూ మ్యూరిస్ పోలేదు. అది కనబడలేదా, చూడదలుచుకోలేదా?

బోనులో_ఎలుక: వ్యక్తిగతంగా వెళ్ళకండి.

పేగుకోత: ఇద్దరూ చెరో జియార్డియా పట్టుకుని కొట్టుకుంటున్నారు. సింగర్, నాష్‌లది జియార్డియా లాంబ్లియా అనే వేరే జాతి. స్నైడర్‌ది మ్యూరిస్.

కృష్ణాతీరం: 2002లో లాంగ్‌ఫోర్డ్ వాళ్ళు ఐజీఏ లేని ఎలుకల్లో రెండూ పెట్టి చూశారు. ఏదీ పూర్తిగా పోలేదు.

బోనులో_ఎలుక: "పూర్తిగా"! ఇప్పుడొచ్చింది అసలు మాట. నేను మొదట్నుంచీ అంటున్నది తగ్గడం గురించి. లక్షల్లో ఉన్నవి వేలకి దిగడానికి ఐజీఏ అక్కర్లేదు.

కృష్ణాతీరం: నేనడిగేది ఆ మిగిలిన వేల సంగతే. లెక్కల్లో సున్నా అని రాస్తే, ఆ సున్నా ఎలా వచ్చింది?

పేగుకోత: సున్నా అంత తేలిక కాదు. చిన్నపేగు నిలువునా చీరి 5 మి.లీ. చల్లటి పీబీఎస్‌లో మంచు మీద ఉంచితే ట్రోఫోజోయిట్లు (పేగు గోడకి అంటుకుని బతికే దశ) పట్టు వదులుతాయి. హీమోసైటోమీటర్లో (కణాలు లెక్కపెట్టే గళ్ళ గాజుపలక) ఒక పెద్ద గడి 0.1 మైక్రోలీటరు. అందులో ఒక్కటి కనబడితే పేగు మొత్తానికి 50,000 అన్నమాట. తొమ్మిది గడులూ లెక్కపెట్టినా ఒక్కటంటే సుమారు 5,500. ఆ లోపు ఎన్నున్నా కాగితం మీద సున్నాయే.

కృష్ణాతీరం: మిగిలిన ద్రవాన్ని టీవైఐ-ఎస్-33 అనే పెంపక ద్రవంలో పెంచి చూస్తే సరి.

పేగుకోత: లాంబ్లియాకైతే సరే. మ్యూరిస్ అందులో పెరగదు, పెంటికల్లో సిస్టులే వెతకాలి.

బోనులో_ఎలుక: అదీ ఒక్కరోజు చూస్తే చాలదు, సిస్టులు రోజూ ఒకేలా రావు. ఎలుకని ఖాళీ డబ్బాలో కూర్చోబెట్టి తాజా పెంటికలే తియ్యండి, బోనులో పొట్టు కింద పాతవి ఏరొద్దు.