అనుభవం లేని బీటెక్ విద్యార్థి రెజ్యూమెలో ఏం రాయాలి?

ప్రశ్న: సీఎస్ఈ మూడో ఏడు. వేసవి ఇంటర్న్‌షిప్‌కి రెజ్యూమె కావాలి. అనుభవం సున్నా, సీజీపీఏ 6.8. క్యాన్వా డిజైన్ సైట్‌లో రెండు కాలమ్‌ల టెంప్లేట్ బాగుంది, వాడొచ్చా?

జవాబు 1: వద్దండి. చాలా కంపెనీల్లో రెజ్యూమెని ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు కాలమ్‌లుంటే ఎడమ లైను, కుడి లైను కలిసిపోవచ్చు. ఒకే కాలమ్, 10–11 సైజు అక్షరాలు, ఒక్క పేజీ పీడీఎఫ్. అందులోదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ వరుస చెదిరితే ఫార్మాట్ మార్చాల్సిందే.

జవాబు 2: సగం పేజీ రెండు ప్రాజెక్టులకే ఇవ్వండి. అసలు బలం అక్కడే. "లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేశాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఫ్లాస్క్, మైఎస్‌క్యూఎల్‌తో 5 టేబుళ్ల డేటాబేస్ కట్టి, గడువు దాటిన పుస్తకాలకు జరిమానా లెక్కించే కోడ్ రాశాను" అనండి. టీమ్ ప్రాజెక్టయితే మీరు రాసిన భాగమే చెప్పండి. ఇంటర్వ్యూలో తవ్వేది దాన్నే. గిట్‌హబ్ (కోడ్ పెట్టి పంచుకునే సైట్) లింక్ ఇస్తే రీడ్‌మీ (ప్రాజెక్టు ఏంటో, ఎలా నడపాలో చెప్పే ఫైల్) తప్పనిసరి.

జవాబు 3: తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, కింద డిక్లరేషన్ ("పై వివరాలన్నీ నిజం" అనే వాక్యం) తీసేయండి. ప్రైవేటు కంపెనీలు అడిగితే తప్ప అక్కర్లేదు. సీజీపీఏ మాత్రం క్యాంపస్ డ్రైవ్‌లకి దాచకండి, కటాఫ్ దాంతోనే చూస్తారు. 6.8ని 7గా అస్సలు రాయొద్దు, మార్కుల మెమోలతో సరిచూస్తారు.