టార్చిలైటుకున్న అనోడైజింగ్ తీసి చేత్తో మెరుగు పెట్టడం ఎలా?

ప్రశ్న: నా అల్యూమినియం టార్చిలైటు నల్లరంగుది. అంచులు అరిగి లోపలి తెల్లటి లోహం కనిపిస్తోంది. ఆ నలుపంతా తీసేసి, చేత్తోనే అద్దంలా మెరుగు పెట్టాలని ఉంది. పెయింటు తీసే రసాయనం రాస్తే ఏమీ కాలేదు. ఎమరీ కాగితంతో ఎంతసేపు రుద్దినా కాగితమే అరిగిపోతోంది. ఏం చేయమంటారు?

జవాబు: అది పెయింటు కాదండీ, అనోడైజింగ్. అందుకే లొంగలేదు. అల్యూమినియం పైపొరనే విద్యుత్తుతో ఆక్సైడుగా మార్చి, అందులోని సూక్ష్మ రంధ్రాల్లో రంగు నింపుతారు. మామూలు రకం 5 నుంచి 25 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటుంది, నల్ల కుక్కర్లకు ఉండే హార్డ్ అనోడైజింగ్ అంతకంటే మందం. ఎమరీలో ప్రధానంగా ఉండేదీ అల్యూమినియం ఆక్సైడే కాబట్టి మీ కాగితం ఓడిపోతోంది. సిలికాన్ కార్బైడ్ వాటర్ పేపర్ దానికంటే గట్టిది.

త్వరగా వదలాలంటే కాస్టిక్ సోడా వాడాలి. బ్యాటరీ, స్విచ్, బల్బు భాగం, అద్దం, రబ్బరు రింగులు అన్నీ విప్పేయండి. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు చన్నీళ్లకు 50 గ్రాములు మించకుండా సోడాను కొద్దికొద్దిగా కలపండి. సోడా మీద నీళ్లు పోయకండి, ఒక్కసారిగా వేడెక్కి చిమ్ముతుంది. విప్పిన టార్చి గొట్టాన్ని అందులో ముంచండి. మొదట రంగు వెలుస్తుంది. తర్వాత గొట్టం నిండా బుడగలు జోరుగా లేస్తే ఆక్సైడు పోయి అసలు లోహం కరుగుతోందని అర్థం. వెంటనే తీసి ధారాళంగా కడగాలి. గడియారం కన్నా ఆ బుడగలనే నమ్మండి, అందుకే పక్కనే నిలబడి చేయాల్సిన పని ఇది. వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట, మంటకు దూరంగా చేయండి. కళ్లద్దాలు, రబ్బరు చేతి తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే కనీసం పావుగంట నీళ్లతో కడుగుతూ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మరో సభ్యుడు: సోడాలో ముంచే ముందు థ్రెడ్ల (మూత తిప్పి బిగించే మరల) సంగతి చూసుకోండి. చాలా టార్చీల్లో వెనక మూతను కాస్త వదులు చేస్తే లైటు వెలగదు, సంచిలో దానంతటదే వెలిగే ప్రమాదం ఉండదు. థ్రెడ్ల మీద ఉన్న అనోడైజింగ్ కరెంటును అడ్డుకోవడమే అందుకు కారణం. అది పోతే ఆ సౌకర్యమూ పోతుంది, ఉత్త అల్యూమినియం థ్రెడ్లు ఒకదాన్నొకటి కొరికి బిగుసుకుపోతాయి. రబ్బరు రింగు కూర్చునే గాడి కరిగితే నీళ్లు లోపలికి దిగుతాయి. నా మాట వింటే ఒక్క టార్చి కోసం సోడా వద్దు. 320 నంబరు (నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది) వాటర్ పేపర్ తడిపి, మూత బిగించి ఉంచి, పైభాగం మాత్రమే రుద్దండి. ఆలస్యమైనా థ్రెడ్లు భద్రం. చేతిపట్టు కోసం చెక్కిన గరుకు భాగాన్ని నల్లగానే వదిలేయండి. అక్కడ కాగితం గాళ్లలోకి దిగదు, మెరుపు పక్కన ఆ నలుపు అందంగా కూడా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: థ్రెడ్ల విషయం నాకు తెలియదు, వాటర్ పేపరే పట్టుకుంటాను. 320 తర్వాత నేరుగా పాలిష్ చేయవచ్చా?

జవాబు: వద్దండీ. 400, 600, 1000, 1500, 2000 వరుసగా వెళ్లాలి. నంబరు మారిన ప్రతిసారీ రుద్దే దిశ మార్చండి. ముందటి గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి కాగితం తీయండి. అక్కడ తొందరపడితే చివర్లో ప్రతి గీతా బయటపడి, మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. ఆపైన లోహాల పాలిష్‌ను మెత్తటి నూలు గుడ్డతో రుద్దండి. గుడ్డ నల్లబడితే కంగారు వద్దు, అది రాలుతున్న లోహమే. ఉత్త అల్యూమినియం చేతి చెమటకు మసకబారుతుంది. కారు వ్యాక్స్ పలచగా పట్టిస్తే కొంతకాలం ఆగుతుంది, మసకేసినప్పుడు మళ్లీ పాలిష్ రాస్తే చాలు, కాగితాల దాకా వెళ్లక్కర్లేదు.