బ్రోకరు దివాలా తీస్తే డీమ్యాట్‌లోని షేర్లకు రక్షణ ఎంత?

ప్రశ్న: పెన్నాతీరం

మా నాన్నగారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. నెల్లూరులోని ఒక బ్రోకరు వద్ద ఆయనకు డీమ్యాట్ ఖాతా (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా) ఉంది. 2014లో ఖాతా తెరిచినప్పుడే పవర్ ఆఫ్ అటార్నీ (ఆయన తరఫున ఖాతాను నడిపే అధికారం బ్రోకరుకు ఇచ్చే) పత్రం మీద సంతకం చేయించుకున్నారు. ఈ మధ్య ఆ శాఖ ఉద్యోగి ఒకరు ఇంటికి వచ్చి, "షేర్లు ఊరికే పడి ఉన్నాయి కదా మాస్టారూ, ఏడాదిపాటు మా ఖాతాకు బదిలీ చేస్తే 12 శాతం నికరంగా ఇస్తాం" అని చెప్పారట. ఆ సంస్థకు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిజిస్ట్రేషన్ ఉందన్న ధైర్యంతో నాన్నగారు దాదాపు ఒప్పుకున్నారు. పాత పవర్ ఆఫ్ అటార్నీ ఇంకా చెల్లుతుందా? రేపు ఆ సంస్థ మూతపడితే మా షేర్లకు ఎవరు పూచీ? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: చిట్టాపద్దు

చెల్లుతుంది. 2022 ఏప్రిల్‌లో సెబీ పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే పరిమిత అధికార పత్రాన్ని ప్రవేశపెట్టింది. అమ్మిన షేర్లను అప్పగించడానికి, మార్జిన్ (లావాదేవీలకు ముందుగా చూపవలసిన హామీ) నిమిత్తం తాకట్టు పెట్టడానికి ప్రధానంగా అది ఉపయోగపడుతుంది. ఇవ్వాలా వద్దా అన్నది ఖాతాదారు ఇష్టం. అయితే అప్పటికే ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీలు ఖాతాదారు స్వయంగా రద్దు చేసేవరకు అమలులోనే ఉంటాయి. కాబట్టి నాన్నగారి చేత రద్దు లేఖ రాయించి, అందినట్టు ముద్ర వేయించుకొని ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఆ తరువాత ఆన్‌లైన్‌లో అమ్మిన ప్రతిసారీ ఆయన ఫోనుకు వచ్చే ఓటీపీతో అనుమతి ఇవ్వవలసి ఉంటుంది. పెద్దవారికి కొంత విసుగు కలిగించినా అది మంచి విసుగే.

ఆ పత్రంతో ఏమి చేయవచ్చో మన హైదరాబాదులోని కార్వీ స్టాక్ బ్రోకింగ్ వ్యవహారం చూపించింది. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డుపెట్టుకొని వారి షేర్లను ఆ సంస్థ తన సొంత డీమ్యాట్ ఖాతాలోకి మళ్ళించుకుంది. ఆ ఖాతా సంగతి ఎక్స్ఛేంజికి చెప్పలేదు. ఆ షేర్లను తనవిగా చూపి బ్యాంకుల వద్ద, ఫైనాన్స్ కంపెనీల వద్ద తాకట్టు పెట్టి అప్పులు తెచ్చింది. 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబరు వరకు నికరంగా 1,096 కోట్ల రూపాయలు అదే గ్రూపులోని రియల్ ఎస్టేట్ కంపెనీకి తరలినట్టు నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి (ఎన్‌ఎస్‌ఈ) తనిఖీలో తేలింది. 2019 నవంబరు 22న సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, ఆ సంస్థ కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా, పాత పవర్ ఆఫ్ అటార్నీలను వాడకుండా నిలిపివేసింది. డిసెంబరు మొదట్లో ఎనభై వేల మందికి పైగా ఖాతాదారుల షేర్లు తిరిగి వారి ఖాతాలకు చేరాయి. 2020 నవంబరులో ఎన్‌ఎస్‌ఈ ఆ సంస్థను ఎగవేతదారుగా ప్రకటించి సభ్యత్వం నుంచి తొలగించింది.

ప్రసంగవశాత్తు ఒక మాట: మ్యూచువల్ ఫండ్ల రిజిస్ట్రార్‌గా మనకు తెలిసిన కేఫిన్ టెక్నాలజీస్ ఇప్పుడు వేరే యాజమాన్యంలో ఉన్న వేరే కంపెనీ. దాని పాత పేరులో ఉన్న కార్వీని గుర్తుపెట్టుకొని చాలామంది అనవసరంగా కంగారుపడుతున్నారు.

జవాబు: మూసీ ఒడ్డు

పవర్ ఆఫ్ అటార్నీ కన్నా ఆ 12 శాతం మాట నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. స్టాక్ బ్రోకరు ఎవరికీ నికర రాబడి హామీ ఇవ్వకూడదు. సెబీ రిజిస్ట్రేషన్ షేర్ల క్రయవిక్రయాలకు ఇచ్చిన అనుమతి మాత్రమే. మీ నాన్నగారికి చెప్పిన పథకానికి దాని గొడుగు వర్తించదు. బ్రోకరు ఎగవేతదారుగా తేలినప్పుడు ఎక్స్ఛేంజిలోని మదుపరుల రక్షణ నిధి నుంచి ఒక పరిమితి వరకు పరిహారం చెల్లిస్తారు. కార్వీ వ్యవహారంలో ఎన్‌ఎస్‌ఈ నిధి పరిమితి ఒక్కొక్కరికి 25 లక్షల రూపాయలు. అయితే నికర రాబడి ఆశతో అప్పగించిన సొమ్ముకు గాని షేర్లకు గాని ఆ నిధి నుంచి పైసా రాదని, ఎక్స్ఛేంజి ఫిర్యాదుల విభాగం కూడా వాటిని స్వీకరించదని ఎన్‌ఎస్‌ఈ పదేపదే హెచ్చరిస్తూనే ఉంది. అంటే మీ నాన్నగారు తన చేతులతో తానే ఆ రక్షణను వదులుకున్నట్టు అవుతుంది.

ఖాళీగా ఉన్న షేర్ల మీద కొంత రాబడి కావాలనుకుంటే చట్టబద్ధమైన దారి ఒకటి ఉంది. షేర్లను అరువిచ్చే విధానం 2008 నుంచి ఎక్స్ఛేంజిలో నడుస్తోంది. అక్కడ ఎక్స్ఛేంజి లావాదేవీలను పరిష్కరించే క్లియరింగ్ కార్పొరేషన్ మధ్యలో నిలిచి పూచీ వహిస్తుంది. రుసుము గిరాకీని బట్టి మారుతుంది, అసలు గిరాకీ లేని షేర్లే ఎక్కువ. అందులో ఏ బ్రోకరూ 12 శాతం నికరమని చెప్పలేడు.

జవాబు: పాత సర్టిఫికెట్

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తాను గాని, నియంత్రణ సంస్థ మీద అంత భరోసా పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. కార్వీలో డబ్బు మళ్ళడం 2016లో మొదలైతే ఉత్తర్వు 2019లో వచ్చింది. తరువాత వచ్చిన సంస్కరణలు మంచివే. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్‌కు పెట్టిన షేర్లు బ్రోకరు ఖాతాకు వెళ్ళకుండా ఖాతాదారు డీమ్యాట్‌లోనే తాకట్టు గుర్తుతో ఉంటున్నాయి. కాని అదంతా ఇల్లు కాలిన తరువాత తవ్విన బావి. పైగా షేర్లు తిరిగివచ్చాయన్న ముగింపు కూడా అంత సుఖంగా లేదు. అప్పులిచ్చిన బ్యాంకులు అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్ళగా 2023 డిసెంబరులో తీర్పు వాటికి అనుకూలంగా వచ్చింది. తాకట్టును నమ్మి అప్పిచ్చినవారిది న్యాయమా, తెలియకుండా షేర్లు పోగొట్టుకున్నవారిది న్యాయమా అన్నది అంత తేలికగా తెగేది కాదు. అందుకే మన చేతిలో ఉన్న తనిఖీని వదులుకోకూడదు. బ్రోకరు పంపే లెక్కతో సరిపెట్టుకోకుండా, డీమ్యాట్ షేర్లను భద్రపరిచే డిపాజిటరీలైన ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నేరుగా పంపే ఏకీకృత ఖాతా నివేదికతో దానిని పోల్చి చూడాలి. ఖాతా సంఖ్య "ఐఎన్" అక్షరాలతో మొదలైతే అది ఎన్‌ఎస్‌డీఎల్‌ది. పదహారూ అంకెలే అయితే సీడీఎస్‌ఎల్‌ది.

పెన్నాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నివేదిక తెప్పించి చూశాము. షేర్లన్నీ నాన్నగారి పేరు మీదే ఉన్నాయి. రద్దు లేఖ సోమవారం ఇస్తాము. అయితే బ్రోకరు వద్ద అమ్మకం తాలూకు సొమ్ము కొంత చాలాకాలంగా నిలువ ఉంది. దాని సంగతి ఏమిటి?

జవాబు: చిట్టాపద్దు

దానిని వెంటనే బ్యాంకు ఖాతాకు తెప్పించుకోండి. వాడకుండా మిగిలిన నగదును ఖాతాదారు ఎంచుకున్నదాన్ని బట్టి నెలకో మూడు నెలలకో ఒకసారి బ్రోకరే తిరిగి పంపాలన్నది నిబంధన. చాలాకాలంగా నిలువ ఉందంటే ఆ నిబంధన ఎందుకు పాటించలేదో రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. 21 రోజుల్లో బ్రోకరు స్పందించవలసి ఉంటుంది. అప్పటికీ తేలకపోతే ఆన్‌లైన్ వివాద పరిష్కార వేదికకు వెళ్ళవచ్చు. ఫిర్యాదులో ఆ 12 శాతం ప్రతిపాదనను కూడా తేదీతో సహా రాయండి, ఎందుకంటే ఆ ఉద్యోగి మీ ఇంటికి ఒక్కదానికే వచ్చి ఉండడు.