'స్కూల్ ఫర్ స్కాండల్' డిగ్రీ పిల్లలకి ఎలా చెప్పాలి? (బెంగళూరు)

జయనగర్ లెక్చరర్:
బెంగళూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఈ సెమిస్టర్ షెరిడన్ నాటకం ఉంది, 1777లో మొదటిసారి ఆడినది. క్లాసులో సగం కన్నడ పిల్లలు, మిగతావాళ్ళలో అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే మనవాళ్ళు, కొందరు తమిళులు. పుస్తకం ఎవరూ కొనరు, గైడు కూడా మానేసి ఫోన్లో కథ చదువుకుని వచ్చేస్తున్నారు. నేను మొదటి అంకం నుంచి లైన్ లైన్ చదివి అర్థం చెబుతుంటే వెనక బెంచీలన్నీ నిద్ర. పేరుకి కామెడీ, ఒక్కరూ నవ్వరు. దీన్ని బాగా చెప్పినవాళ్ళుంటే ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి. వీడియో చూపించమనకండి, ప్రొజెక్టర్ ఉన్న గది మాకు దొరకదు.

రిటైర్డ్ మేష్టారు:
మొదటి సీన్‌తో మొదలుపెట్టకండి. అందులో లేడీ స్నీర్‌వెల్, స్నేక్ కూర్చుని మనమింకా చూడని మనుషుల మీద చాడీలు చెప్పుకుంటారు. మొహం తెలియనివాళ్ళ మీద చాడీ ఎవరికి రుచిస్తుంది? తిన్నగా నాలుగో అంకం మూడో సీన్‌కి వెళ్ళిపోండి, జోసెఫ్ సర్ఫేస్ లైబ్రరీ గది. లేడీ టీజిల్‌ని వలలో వేసుకుందామని వాడు తియ్యగా మాట్లాడుతుంటే మొగుడు సర్ పీటర్ వస్తున్నాడని కబురు. ఆవిడ అడ్డుతెర వెనక్కి పోతుంది. ముసలాయన వచ్చి పెళ్ళాం మీద అనుమానం చెప్పుకుంటూనే ఆవిడకి ఏటా 800 పౌన్లు రాసిస్తున్నానంటాడు. ఆవిడ అంతా వింటోంది, మనకి తెలుసు, ఆయనకి తెలీదు. ఇంతలో జోసెఫ్ తమ్ముడు చార్లెస్ వస్తాడు, ముసలాయన అనుమానం వాడి మీదే. ఇప్పుడు సర్ పీటరే దాక్కోవాలి, తెర వైపు పోతే లంగా అంచు కనపడుతుంది, ఎవరో టోపీలమ్మే ఫ్రెంచి అమ్మాయిలే అని జోసెఫ్ బొంకేస్తాడు, ముసలాయన సంబరపడిపోయి పక్కనున్న చిన్న గదిలో దూరతాడు. చివరికి చార్లెస్ తెర పడగొట్టేస్తాడు.

మన పిల్లలకి ఇది కొత్త కాదు. కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్పంతులు దాక్కుంటే, పూటకూళ్ళమ్మ రాగానే గిరీశం కూడా అక్కడికే దూరలేదూ? అది చెప్పి ఇది చెప్పండి. కన్నడ పిల్లల్ని వాళ్ళ నాటకాల్లో ఇలాంటిది వెతికి తెమ్మనండి. షెరిడన్ నాటకం ఆడిన మొదటి రోజు ఆ అడ్డుతెర పడ్డప్పుడు లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో జనం చేసిన గోల విని, బయట వెళ్తున్న కుర్రాడు హాలు కూలిపోతోందనుకుని పరిగెత్తాడట. తర్వాత నాటకాలు రాసిన ఫ్రెడరిక్ రెనాల్డ్సే ఆ కుర్రాడు.

పేపర్లు దిద్దే ప్రాణి:
మేష్టారు చెప్పింది బాగుంది గానీ పరీక్షలో 'కామెడీ ఆఫ్ మానర్స్ గురించి రాయండి' అని వస్తుంది, అంటే గొప్పింటివాళ్ళ తీరుతెన్నుల్ని ఎగతాళి చేసే నాటకం గురించి, అప్పుడు పిల్లలు టోపీలమ్మాయి కథ రాసి వస్తారు. నేను దిద్దుతున్నాను కదా, చూస్తున్నాను. సిలబస్ ఎప్పుడవుతుంది మరి?

రిటైర్డ్ మేష్టారు:
ఆ జవాబూ ఈ సీన్‌లోనే ఉంది కదండీ. జోసెఫ్ నోరు తెరిస్తే నీతివాక్యం, సర్ పీటర్‌కి వాడంటే ఎంత గురి! ఆ రోజుల్లో లండన్‌లో కళ్ళనీళ్ళు పెట్టించి నీతులు చెప్పే సెంటిమెంటల్ కామెడీకి గిరాకీ ఎక్కువ. నవ్వించే కామెడీయే మేలని ఇంకో నాటకకర్త గోల్డ్‌స్మిత్ 1773లోనే వ్యాసం రాశాడు. షెరిడన్ ఆ నీతులన్నీ ఒక దొంగ నోట్లో పెట్టి వాడి ముందే తెర పడగొట్టించాడు. సీన్ చూసిన పిల్లాడికి ఈ ముక్క చెబితే సొంతంగా రాస్తాడు. చూడనివాడు గైడులో నిర్వచనం దించుతాడు, మీకు దిద్దడానికి అదే సులువు అనుకోండి.

జేపీ నగర్ నాటకాల పిచ్చి:
నేను సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు నాటకాలు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకే పాత్రలిచ్చేయకండి, వాళ్ళు అప్పజెప్పినట్టు చదివేస్తారు. ముందు పుస్తకం మూయించి, ఎవరి భాషలో వాళ్ళని మాట్లాడుకోమనండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరికి ఏం తెలుసు అన్నది ఒంటికి పట్టాక షెరిడన్ మాటలు ఇవ్వండి. ఇంకోటి, సీన్ మొదట్లో జోసెఫ్ ఆ తెరని కిటికీకి అడ్డంగా పెట్టిస్తాడు, ఎదురింటి పెళ్ళికాని ఆవిడకి ఆరాలెక్కువ అని. అంటే లేడీ టీజిల్ గదిలోవాళ్ళకి కనపడదు గానీ ఎదురింటికి నిండుగా కనపడుతుంది! చాడీల ఊళ్ళో దాక్కోడానికి ఎంత మంచి చోటో చూడండి. ఒక అమ్మాయిని క్లాసు కిటికీ అవతల నిలబెట్టి, ఎదురింటావిడ ఏం చూసిందో చెప్పమనండి, అదో అసైన్‌మెంట్.

వీలైతే మా జేపీ నగర్‌లో ఉన్న నాటకాల థియేటర్ రంగ శంకరకి తీసుకెళ్ళండి, ఏ భాష నాటకమైనా సరే. ఆట మొదలయ్యాక లోపలికి రానివ్వరు, ట్రాఫిక్ చూసుకుని బయల్దేరండి.

జయనగర్ లెక్చరర్:
అందరికీ థాంక్స్. సోమవారం సీన్ మొదలుపెడతాను. తెరకి స్టాఫ్ రూమ్‌లో చక్రాల బోర్డు ఒకటుంది, అదే అడుగుతాను. తెర పడ్డాక చార్లెస్ నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు కదా, మిగిలిన ముగ్గురూ ఎంతసేపు మాట్లాడకుండా ఉండాలి?

జేపీ నగర్ నాటకాల పిచ్చి:
క్లాసులో ఎవరో ఒకరు కిసుక్కుమనేదాకా. జోసెఫ్ వేషం వేసినవాడికే ముందు నవ్వొస్తుంది, కాస్త గట్టివాణ్ణి పెట్టండి. బోర్డు మాత్రం పడగొట్టనివ్వకండి, చక్రాల మీద పక్కకి లాగేస్తే చాలు.